పీరప్ప నాడి, ఓబులేసు మాట

శ్రీరస్తు. స్పృహ తప్పినవారికి స్మృతిని, తొట్రుపడినవారికి స్థైర్యాన్ని ప్రసాదించే ధన్వంతరికీ, పాపఘ్ని ఒడ్డున గండిలో వెలసిన ఆంజనేయస్వామికీ నమస్కరించి, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ ఏకాదశి నాడు ప్రొద్దుటూరులో ఈ మాటలు రాయడానికి ఉపక్రమించాను.

జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు ఆసుపత్రులలో కొత్తగా చేరబోయే యువవైద్యుల కోసం రాస్తున్నాను. ఏ ఏడు ఏ పదవి వచ్చింది, ఎవరు నన్ను ఎక్కడికి బదిలీ చేశారు అన్న ముచ్చట ఇందులో ఉండదు. ఉన్నట్టుండి తల తిరగడం, సొమ్మసిల్లి పడిపోవడం అనే ఒక్క బాధను గురించే చెబుతాను. వైద్యుడి చదువునూ నోటినీ ఒకేసారి పరీక్షించే బాధ అది. నా చదువు ఆ పరీక్షలో నిలిచింది. నోటి సంగతి మీరే చూస్తారు.

ముందే ఒక మాట. ఈ వ్యాసం నిండా మాత్సర్యం ఉంది. అది లేకుండా రాద్దామని ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాను. రాసినదంతా మందుల కంపెనీవారి కరపత్రంలా తయారైంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఏ తిరుగుడు?

మా తండ్రిగారు ఉభయభాషా పండితులు. ఇంట్లో నాకు ముందు అబ్బింది ఛందస్సు. శరీరశాస్త్రం ఆ తర్వాత వచ్చింది. తల తిరిగే భ్రమకూ స్పృహ తప్పే మూర్ఛకూ తేడా పసితనంలోనే తెలుసు. ఆ ధీమాతోనే జమ్మలమడుగు ఆసుపత్రిలో చేరిన కొత్తలో, "సార్, తల తిరుగుతాంది" అంటూ వచ్చిన ఒక రైతును, "నాయనా, మీరు చెప్పేది భ్రమణమా, తమోదర్శనమా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్న భార్యతో, "ఈ సారు మనోడు గాదే, యాడోడో" అన్నాడు.

ప్రశ్న సరైనదే. భాషే సరైనది కాదు. ఆ ప్రశ్నను మీరు మామూలు మాటల్లో తప్పక అడగండి: "చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరిగాయా, లేక కళ్లకు చీకట్లు కమ్మి కూలబడ్డావా?"

గిర్రున తిరిగాయంటే తరచుగా అది చెవి లోపలి దోషం. మంచం మీద ఒత్తిగిలినప్పుడో, అటక మీది గిన్నె కోసం తల ఎత్తినప్పుడో నిమిషంలోపు తిరిగి ఆగిపోతే, చెవిలోని సన్నని రేణువులు చోటు తప్పాయన్నమాట. తలను ఒక పద్ధతిలో తిప్పి వాటిని మళ్లీ చోటికి చేర్చవచ్చు. నెలల తరబడి మాత్రలు మింగించే పని లేదు. అయితే తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, కాలో చెయ్యో పట్టు తప్పడం ఉంటే అది మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతం కావచ్చు. అక్కడ ఒక్క క్షణం ఆలస్యం చేయకండి.

చీకట్లు కమ్మి పడితే, ఆ క్షణంలో మెదడుకు రక్తం చాలలేదని అర్థం. ఎందుకు చాలలేదన్నదే అసలు విచారణ. బండల గనిలో ఎండకు ఒంట్లో నీరు ఇంకిపోయి ఉండవచ్చు. శ్రావణ శనివారం గండి వరుసలో ఉపవాసంతో గంటల తరబడి కదలకుండా నిలబడి ఉండవచ్చు. నెత్తురు చూసి బెదిరి ఉండవచ్చు. రక్తపోటు మాత్రలు ఇద్దరు వైద్యుల దగ్గర రాయించుకుని రెండూ వేసుకుంటూ ఉండవచ్చు. ఆడవాళ్లయితే నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా, గర్భమేమైనా నిలిచిందా అని అడగకుండా వదలకండి. విరేచనం తారులా నల్లగా ఉందంటే కడుపులో ఎక్కడో నెత్తురు కారుతున్నట్టు. షుగరు మాత్ర వేసుకుని రంజాన్ ఉపవాసం ఉన్న మనిషికి చెమటలు పోసి మాట తడబడితే, అందరికంటే ముందు వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి షుగరు చూడండి.

వీటన్నిటి వెనుక దాగి ఉండేది గుండె. పరుగెత్తుతూ పడినా, పడుకుని ఉండగానే స్పృహ తప్పినా, ఏ సూచనా లేకుండా మొదలు నరికిన చెట్టులా కూలినా గుండెనే అనుమానించండి. సొమ్మసిల్లి వచ్చిన పెద్దవాళ్లలో ఎవరినీ ఇ.సి.జి. తీయకుండా ఇంటికి పంపకండి.

ఇవన్నీ నాకు తెలుసు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఓబులేసుకు నాకంటే ఎక్కువేమీ తెలియదు.

ఓబులేసు

డాక్టర్ ఓబులేసు నా సహాధ్యాయి. పెద్దముడియం పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. వైద్య కళాశాలలో నాకు పతకం వచ్చింది. అతడు ఒక పరీక్ష తప్పి, మళ్లీ రాసి గట్టెక్కాడు. విధి మా ఇద్దరినీ జమ్మలమడుగులో ఒకే ఆసుపత్రిలో వేసింది, తర్వాత పులివెందులలోనూ కలిపింది. సర్కారు కొలువు ముగిశాక ప్రొద్దుటూరులో ఒకే వీధిలో ఎదురెదురుగా దవాఖానాలు పెట్టుకున్నాము. నా కిటికీలోంచి అతని వాకిలి కనిపిస్తుంది. ఆ వాకిట్లో చెప్పులు ఎప్పుడూ గుట్టగా పడి ఉండేవి. ఆ గుట్టను చూడకుండా ఉందామని బల్లను గోడ వైపు తిప్పుకున్నాను. వెలుతురు చాలక మళ్లీ కిటికీ వైపే తిప్పాను.

జమ్మలమడుగులో మా సూపరింటెండెంటు గారు ముక్కోపి. సొమ్మసిల్లి వచ్చిన కూలివాణ్ణి నేను ప్రశ్నలతో వేధిస్తుంటే వెనక నుంచి కసిరారు: "పడినోన్ని ఏమడుగుతావయ్యా? ఆ పొద్దు వాడు ఆడ లేడు. పడతాంటే సూసినోన్ని పిలిపిచ్చు!"

నా ఉద్యోగకాలంలో విన్న ఉపదేశాలలో ఇది ఉత్తమమైనది. ముఖం పాలిపోయిందా? కాళ్లూ చేతులూ ఎంతసేపు కొట్టుకున్నాయి? నాలుక కరుచుకున్నాడా? లేవగానే మనుషులను గుర్తుపట్టాడా, చాలాసేపు అయోమయంగా ఉన్నాడా? చూసినవాళ్లే చెప్పగలరు. నేను ఆ ఉపదేశాన్ని శ్రద్ధగా పాటించి సాక్షులను పిలిపించేవాణ్ణి. వాళ్లు చేతులు కట్టుకుని, "ఏమో సార్, పడినాడు" అని ఊరుకునేవారు. అదే సాక్షులు ఓబులేసు ముందు పడినవాడి పాత్రా తమ పాత్రా కూడా అభినయించి చూపేవారు. అప్పుడు మొదలైంది నాలో ఈ మంట.

పులివెందులలో ఒక సంగతి జరిగింది. మన పల్లెల్లో ఒక ఆచారం ఉంది. మనిషి సొమ్మసిల్లి పడగానే నలుగురూ లేపి గోడకు ఆనించి కూర్చోబెడతారు. ఒకరు తల నిలబెడతారు, ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టేది శవాన్ని మాత్రమేనని వాళ్ల పట్టింపు. తలకు రక్తం అందకనే పడినవాణ్ణి మళ్లీ నిలువుగా కూర్చోబెడితే ఆ కొంచెమూ అందదు. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఆసుపత్రి వరండాలో ఒక యువకుడు అలాగే కూలాడు. పడుకోబెట్టమని నేను చెప్పగానే అతని తల్లి నా మీదికి లేచింది. "నా కొడుకు బతికుండాడయ్యా! యాలకు పండబెట్టమంటాండావు? నీ నోరు పడ!" నేను రక్తప్రసరణ సూత్రాన్ని, గురుత్వాకర్షణను సావధానంగా వివరించాను. పిల్లవాడి పెదవులు తెల్లబడుతూనే ఉన్నాయి.

ఓబులేసు లోపలి నుంచి వచ్చి, "పండబెట్టి రెండు కాళ్లూ ఎత్తి బెంచీ మీద పెట్టమ్మా. సచ్చినోనికి ఎవురన్నా కాళ్లెత్తి పెడతారా? బతికినోనికే పెడతారు" అన్నాడు.

ఆమె వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తింది. పిల్లవాడి ముఖంలోకి రంగు వచ్చింది. ఆ ఇంటి వాళ్లు ఓబులేసుకు దండం పెట్టి వెళ్లిపోయారు. సూత్రం నాది, పని జరిపించిన మాట అతనిది. ఇది అన్యాయమని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ ఆ అభిప్రాయం పూర్తిగా పోలేదు.

అతనిలో లోపాలు లేవా అంటే ఉన్నాయి, నిర్మొహమాటంగా చెబుతాను. నీరసం అన్న ప్రతివాడికీ సెలైన్ బాటిలు ఎక్కిస్తాడు. ఒంట్లో నీరు తగ్గినవాడికి అది మందే. గుండె బలహీనంగా ఉన్నవాడికి మాత్రం అదే నీరు ఊపిరితిత్తుల్లో నిండి ప్రాణం మీదికి తెస్తుంది. ఈ విషయమై ఒకసారి అతణ్ణి వీధిలోనే నిలదీశాను.

"గుండె సూడకుండా ఎవురికీ ఎక్కియ్యలేదు పంతులూ" అన్నాడు. నన్ను కళాశాల రోజుల నుంచీ పంతులనే పిలుస్తాడు. "బాటిలు ఎక్కేదాకా మనిషి గంటసేపు నా కాడ పండుకోనుంటాడు. మొదట వచ్చినప్పుడు చెప్పని మాట ఆ గంటలో చెప్తాడప్పా. నేను ఎక్కిచ్చేది దానికి."

అది శాస్త్రం కాదని వాదించాను. ఇంటికి వచ్చాక, ఆ ఉపాయం నాకెందుకు తట్టలేదని ఆ పూటంతా భోజనం సహించలేదు.

పరుపుల పీరప్ప

క్రోధి నామ సంవత్సర జ్యేష్ఠమాసంలో ఒక ఉదయం పీరప్పను ఆటోలో నా దవాఖానాకు తెచ్చారు. ఆయనకు అరవై దగ్గర పడుతుంది. దూది ఏకి పరుపులు కుట్టే పని. అంగట్లో పరుపు కుడుతూ, సూది చేతిలో ఉండగానే, ముందుకు ఒరిగిపోయాడు. మూడు వారాల్లో అది మూడోసారి. ఆయన ఓబులేసు రోగి. ఆ పొద్దు ఓబులేసు ముద్దనూరులో పెళ్లికి వెళ్లడం వల్ల నాకు దక్కాడు.

ఆటోలో భార్య ఫక్కీరమ్మ ఆయనను నిటారుగా పట్టుకుని కూర్చుంది. దించి పడుకోబెట్టి మణికట్టు పట్టుకున్నాను. నాడి తీరికగా, ఎవరికో దారి ఇస్తున్నట్టు కొట్టుకుంటోంది. నిమిషానికి నలభై కూడా లేదు. నాడిని మందగింపజేసే మాత్రలేవైనా వాడుతున్నాడా అని విచారించాను, లేదు. ఇ.సి.జి. తీశాను. గుండె పై గదుల ఆజ్ఞ కింది గదులకు ఒక్కటీ చేరడం లేదు. కింది గదులు తమకు తోచినప్పుడు కొట్టుకుంటున్నాయి. తోచనప్పుడు మనిషి పడిపోతున్నాడు. ఏదో ఒకసారి అవి మళ్లీ కొట్టుకోవు.

పతకం వచ్చిన రోజు కూడా నాకంత తృప్తి కలగలేదని రాయడానికి సంకోచించను. ఓబులేసు రోగి, ఓబులేసుకు దొరకని జబ్బు. అయితే మొదటి రెండుసార్లూ ఆయన ఓబులేసు దగ్గరికి పోనేలేదని, దర్గా దగ్గర తాయెత్తు కట్టించుకుని ఊరుకున్నాడని ఫక్కీరమ్మ చెప్పింది. తృప్తి కొంత తగ్గింది.

అంబులెన్సుకు ఫోను చేసి, పీరప్పకు విషయం వివరించాను. గుండె ఒక సంస్థానమనీ, రాజాజ్ఞ సామంతులకు చేరనప్పుడు రాజ్యం అరాచకమవుతుందనీ, తిరుపతిలో పేస్‌మేకర్ అనే చిన్న యంత్రాన్ని చర్మం కింద అమరిస్తే అది దూతలా ఆజ్ఞను చేరవేస్తుందనీ చెప్పాను. మంచి రూపకం. ఇప్పటికీ దాన్ని సమర్థిస్తాను.

పీరప్ప శ్రద్ధగా విన్నాడు. "సార్ మాటలు శానా బాగుండాయి, ఇంకా ఇనాలనిపిస్తాంది. తిరుపతికి మాత్రం నేను రాను."

"ఎందుకు?"

"పనుండాది సార్. పెండ్లోళ్ల పరుపులు ఇయ్యాల."

"ప్రాణం కంటే పరుపులు ఎక్కువా?"

"ఓబులేసప్ప రానీ. ఆయప్ప పొమ్మంటే పోతా."

ఈ సంభాషణ మధ్యలోనే, పడుకుని ఉండగానే, ఆయన కళ్లు పైకి పోయాయి. నా వేళ్ల కింద నాడి ఆగింది. రొమ్ము మీద చెయ్యి వేసి నొక్కడం మొదలుపెట్టేలోగా మళ్లీ ఒక దెబ్బ కొట్టింది, తర్వాత మరొకటి. నాడిని కాసేపు లేపి నిలిపే ఇంజెక్షను ఇచ్చాను. దాని బలం ఎంతసేపు ఉంటుందో చెప్పలేము. ఈ జబ్బులో అది అసలు పనిచేయకపోనూ వచ్చు.

ఫక్కీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, "ఓబులేసప్ప ఉండింటే ఈ పాటికి బాటిలు ఎక్కిచ్చింటాడు" అంది.

అంబులెన్సు వచ్చి వాకిట్లో నిలిచింది. పీరప్పకు తెలివి వచ్చింది, ఎక్కనన్నాడు. బలవంతంగా ఎక్కించడానికి నాకు హక్కు లేదు. సరిగ్గా అప్పుడు కిటికీలోంచి ఎదురు వాకిట్లో ఓబులేసు స్కూటరు ఆగడం కనిపించింది.

వీధి దాటడం

మా నర్సును ఆయన మంచం పక్కనే నిలబెట్టి, ఇ.సి.జి. కాగితం పట్టుకుని వీధి దాటాను. ఎదురెదురుగా ఉన్న ఇన్నేళ్లలో నేను ఆ గడప తొక్కడం అదే మొదటిసారి.

"ఏం పంతులూ, దావ తప్పినావా?" అన్నాడు ఓబులేసు. పెళ్లి తాంబూలం ఇంకా బుగ్గన ఉంది.

కాగితం చేతికిచ్చాను. నవ్వు ఆగిపోయింది. "ఎవురిదప్పా ఇది?"

"పరుపుల పీరప్పది."

"నా పీరప్పదా?"

ఆ "నా" అనే మాట నాకు గుచ్చుకుంది. అయినా చెప్పవలసింది చెప్పాను: "తిరుపతికి పోనంటున్నాడు. నా మాట వినడం లేదు. నువ్వు చెబితే వింటాడు." ఎంతటి దీర్ఘసమాసమూ నా నాలుకకు ఆ మూడు వాక్యాలంత బరువు కాలేదు.

ఓబులేసు నా ముఖంలోకి చూశాడు. "నేను చెప్తే ఊర్లో నా పేరే అనుకుంటారు పంతులూ. నీ పేరు ఎవురూ తలవరు."

"తెలుసు."

"తెలిసే వచ్చినావా?"

"నాడి ఆగి ఆగి కొడుతోంది. రావయ్యా ముందు."

చెప్పులు కూడా తొడుక్కోకుండా నాతో వచ్చాడు. మంచం అంచున కూర్చుని పీరప్ప చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఏం పీరప్ప మామా, ఊర్లో ఉండే పరుపులన్నీ ఇడిసిపెట్టి ఈ ఇనప మంచం మీద పండుకున్యావే?"

పీరప్ప నవ్వాడు. వెంటనే కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. "అది కాదప్పా. గుండెకాడ మిషను పెడతారంట. అది ఉంటే సచ్చేటప్పుడు పానం పోదంట గదా. మట్టిలో పెట్టినాక గూడా టక్కుటక్కుమని కొట్టుకుంటానే ఉంటాదంట. ఆ బాధ నాకొద్దు."

నాకు చెప్పింది పెళ్లివారి పరుపుల సంగతి. ఈ భయం నోట రావడానికి ఓబులేసుకు బాటిలు కూడా అవసరం కాలేదు.

"నీ అంగట్లో ఇన్వర్టరు ఉండాది గదా మామా. కరెంటు ఉన్నెప్పుడు అదేం చేస్తాది?"

"గమ్మునుంటాది."

"పోతే?"

"పలుకుతాది, దీపాలు ఎలిగిస్తాది."

"ఇదీ అంతే. నీ గుండె సక్కంగా కొట్టుకుంటాంటే గమ్మునుంటాది. మరిసిపోతే ఒక తోపు తోస్తాది. ఇల్లే లేనప్పుడు ఇన్వర్టరు యాడ ఎలిగిస్తాది? దేవుడు పిలిసిన పొద్దు ఇది అడ్డం పడేది కాదు. పైకి లేయాకు, అట్లే పండుకో, బండిలోకి మోస్తారు."

"నువ్వు చెప్తాండావు గాబట్టి పోతా" అన్నాడు పీరప్ప.

అలంకారశాస్త్రం చదివినవాణ్ణి. ఉపమానం ఎప్పుడూ వినేవాడి ఇంట్లోంచి రావాలని మా తండ్రిగారు పదేపదే చెప్పేవారు. అది విని మరిచిపోయినవాణ్ణి నేను. వినకుండానే పాటించేవాడు అతడు. పేస్‌మేకర్‌ను అంతకంటే కచ్చితంగా మూడు వాక్యాల్లో వివరించిన వైద్యుణ్ణి నేనింతవరకు చూడలేదు.

స్ట్రెచరు కదులుతుండగా ఓబులేసు అందరికీ వినబడేలా చెప్పాడు: "ఇది కనిపెట్టింది నేను గాదు. ఈ పంతులు సారే కనిపెట్టినాడు. ఈ సారు లేకుంటే పొద్దున్నే పోయింటావు."

ఫక్కీరమ్మ పక్కనున్న ఆటో అతనితో గుసగుసగా అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది: "సూడు, ఎంత మంచితనమో! నలుగుర్లో ఈ సారుకు మర్యాద తక్కువ కాకూడదని అట్ల అంటాండాడు."

యువవైద్యులారా, ఆ ఉదయం నుంచి మీకు పనికివచ్చేది తీసుకోండి. నాడి పట్టుకోండి. పడుకోబెట్టి, నిలబెట్టి రక్తపోటు కొలవండి. ఇ.సి.జి. తీయండి. ఆ తర్వాత మీ మాట రోగికి ఎక్కకపోతే, ఎవరి మాట ఎక్కుతుందో వాళ్ల దగ్గరికి వెళ్లండి. మంట చల్లారాక వెళ్దామని ఆగకండి. నా మంట ఇంకా చల్లారలేదు. ఆగి ఉంటే పీరప్ప ఉండేవాడు కాదు.

తర్వాత జరిగినది

క్రోధి నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ విదియ నాడు తిరుపతిలో పీరప్పకు పేస్‌మేకర్ అమర్చారు. ఆయన మళ్లీ పడలేదు. ఆషాఢంలో ఓబులేసు ఇంటికి ఒక కొత్త పరుపు వెళ్లింది. ఆ దసరాకు నేను దవాఖానా మూసేశాను. ఓబులేసు తనది మూయలేదు.

ఈ విశ్వావసు సంవత్సర ఆషాఢ బహుళ తదియ నాడు కూరగాయల మార్కెట్టులో వంకాయలు ఏరుకుని పైకి లేవగానే నా కళ్లకు చీకట్లు కమ్మాయి. పక్కనే ఉన్న పీరప్ప నన్ను పొదివి పట్టుకుని, అక్కడి గోనెపట్టాల మీద పడుకోబెట్టాడు. "సార్, ఒక్కసారి ఓబులేసప్పకు సూపిచ్చుకోండి. నన్ను బతికిచ్చిన సెయ్యి అది" అన్నాడు. సరేనన్నాను.

మరునాడు చవితి. ఓబులేసు దవాఖానాకు వెళ్లాను. చాలామంది ఉన్నారు, నా వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాను. అతడు నన్ను పడుకోబెట్టీ నిలబెట్టీ రక్తపోటు చూసి, లేచి నిలబడగానే దాన్ని పడగొడుతున్న మాత్రను, ప్రోస్టేటుకు నేను వాడేదాన్ని, మార్చాడు. నేనూ అదే అనుకున్నాను. ఆనాటి నుంచి నాకు తల తిరగలేదు.